తలకు తగిలిన దెబ్బ, లాలాజలము చెప్పు సాక్ష్యము

అండమాన్ నికోబార్ దీవులలో సాయంకాలమైనచో బంతియాట వినబడని ఊరు అరుదు. కార్ నికోబార్‌లో కొబ్బరితోపుల నడుమనున్న మైదానములందును, శ్రీ విజయపురములోని నేతాజీ స్టేడియమునందును బాలబాలికలు ఫుట్‌బాల్ వెంట పరుగిడుచుందురు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన ఈ నగరమున శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. వారి పిల్లలును ఈ ఆటలలో వెనుకబడినవారు కారు. సైకిలు పందెములలోనైతే ఈ దీవులు దేశమునకే పేరు తెచ్చినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కార్ నికోబార్‌లో చెట్టును పట్టుకొని ప్రాణము దక్కించుకొన్న బాలిక డెబోరా హెరాల్డ్, పెరిగి భారతదేశము పక్షమున సైకిలు తొక్కెను. ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండున జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో వెండి పతకము గెలిచెను.

ఆటలున్నచోట పడుటయు, తగులుటయు తప్పవు. మోకాలు చీరుకొన్నచో రక్తము కనబడును. తల్లి వెంటనే కట్టు కట్టును. చేయి విరిగినచో వాపు కనబడును. తండ్రి ఆసుపత్రికి కొనిపోవును. కాని తలకు తగిలిన దెబ్బ పైకి కనబడకపోవచ్చును. పెద్దలు మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన దెబ్బ అదియే.

కనబడని గాయము

ఒక పోటీని ఊహింతము. గాలిలోని బంతికొరకు ఇద్దరు బాలురు ఒక్కసారిగా ఎగిరిరి. తలకు తల తగిలెను. ఒకడు క్షణకాలము మైదానముపై కూర్చుండి, లేచి, తల విదిలించుకొనెను. "ఏమిరా, ఆడగలవా?" అని శిక్షకుడు అడిగెను. "ఆడగలను సార్" అని వాడు బదులు చెప్పెను. మరి రెండు వారములలో దీవుల జట్టుకు ఎంపిక జరుగనున్నది. ఆ బాలుడు వేరొక మాట ఎట్లు చెప్పును? కాని ఆ క్షణమున వాని కండ్లకు రెండు బంతులు కనబడుచుండెను.

ఇట్టి స్థితిని వైద్యులు కంకషన్ అందురు. తెలుగున మెదడు అదురు అనవచ్చును. కుండలో నీరు నింపి ఒక్కసారి కుదిపినచో కుండ పగులకున్నను లోని నీరు అల్లకల్లోలమగును. అట్లే పుర్రె చెక్కుచెదరకున్నను లోపలి మెదడు కదలి, దాని నరకణముల పని కొంతకాలము తారుమారగును. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, వెలుతురును చప్పుడును సహింపలేకపోవుట, మాట మరచుట, చిరాకు, నిద్ర చెడుట దీని లక్షణములు. స్మృతి తప్పినగాని ఇది కలుగదను నమ్మకము పొరపాటు. మెదడు అదిరినవారిలో స్మృతి తప్పువారు పదింట ఒక వంతుకు మించరు. సి.టి. స్కాన్ తీసినను ఈ అదురు అందు కనబడదు. లోపల రక్తము స్రవించుచున్నదా, ఎముక విరిగినదా అని తెలిసికొనుటకే ఆ స్కాన్ ఉపయోగపడును.

తొందరపాటు తెచ్చు ముప్పు

మెదడు అదిరిన పిల్లలలో పెక్కురు నాలుగు వారములలోపల పూర్తిగా కోలుకొందురు. కాని కోలుకొనకముందే మరల మైదానమున దిగి రెండవ దెబ్బ తిన్నచో మెదడు హఠాత్తుగా వాచి ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. ఇది అరుదైనను కల్పన కాదు. 2011 జనవరిలో ఉత్తర ఐర్లాండున పాఠశాల రగ్బీ పోటీలో 14 ఏండ్ల బాలుడొకడు దెబ్బ తగిలిన పిదపకూడ ఆట కొనసాగించి, మరల దెబ్బతిని మరణించెను. ఆ మరణమునకు తరువాతి దెబ్బయే కారణమని విచారణలో తేలినది.

మన దేశమువారు మరువరాని ఉదంతము మరియొకటి కలదు. 1998 ఫిబ్రవరిలో ఢాకా నగరమున క్రికెట్ ఆడుచు, బ్యాటుకు దగ్గరగా నిలిచియున్న రమణ్ లాంబా తలకు బంతి తగిలెను. ఆయన తన కాళ్లమీదనే మైదానము దాటెను. పిమ్మట స్థితి విషమించి కొలదిదినములలో కన్నుమూసెను. అది మెదడులో రక్తస్రావము, అదురుకంటె వేరు. అయినను అది నేర్పు పాఠ మొక్కటే: నడచి వచ్చినంత మాత్రమున తల క్షేమమని తలంపరాదు. 2019 నుండి అంతర్జాతీయ క్రికెట్టులో మెదడు అదిరిన ఆటగానికి బదులుగా వేరొకని దింపు నియమము వచ్చినది. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా తలకు బంతి తగులగా, ఆయనకు బదులుగా యజువేంద్ర చాహల్ ఆడెను. పేరుపొందిన ఆటగాడే తప్పుకొనగా, పాఠశాల బాలుడు తప్పుకొనుటలో చిన్నతన మేమున్నది?

లాలాజలము ఎట్లు సాక్ష్యమిచ్చును?

వైద్యుని ఎదుటనున్న కష్టమైన ప్రశ్న: ఈ బిడ్డ ఎప్పుడు కోలుకొనెను? ఇంతవరకు దీనికి ఆధారము ప్రధానముగ బిడ్డ చెప్పు మాటయే. ఆడవలెనను తహతహతో బిడ్డ నొప్పిని దాచవచ్చును. మరియొక బిడ్డ భయముచే లేని నొప్పిని చెప్పవచ్చును. చిన్నవారికి తమకు కలిగినదేమో చెప్పుటకే మాటలు చాలవు. కావున మాటపై ఆధారపడని గురుతుకొరకు శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. వారి చూపు నిలిచిన తావులలో లాలాజల మొకటి.

మన దేహకణములందు ఆర్.ఎన్.ఏ. అను పదార్థము కలదు. అందలి అతి చిన్న తునకలను మైక్రో ఆర్.ఎన్.ఏ. అందురు. ఏ కణములో ఏ మాంసకృత్తు ఎంత తయారు కావలెనో అదుపుచేయుట వీని పని. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో ఒక చిన్న పురుగుపై జరిపిన పరిశోధనలవలన వీని సంగతి వెల్లడియైనది. అందులకు 2024లో వారికి వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. మెదడునకు దెబ్బ తగిలినప్పుడు ఈ తునకలలో కొన్ని హెచ్చును, కొన్ని తగ్గును. ముఖమునుండియు నోటినుండియు మెదడునకు పోవు నరములు లాలాజల గ్రంథులతో సంబంధము కలిగియున్నవి. అందువలన ఆ మార్పుల నీడ లాలాజలమున పడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. సూది గ్రుచ్చనక్కర లేదు. బిడ్డ భయపడి ఏడ్వనక్కర లేదు.

2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జరిగిన పరిశోధన ఫలితములు ప్రకటింపబడినవి. 7 మొదలు 21 ఏండ్ల వయసుగల 52 మంది మెదడు అదిరినవారి లాలాజలమును పరీక్షింపగా, ఎవరికి బాధ నాలుగు వారములకు మించి నిలుచునో అయిదు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు సూచించినవి. లక్షణములను అడిగి వ్రాసికొను ప్రశ్నావళికంటె ఇవి మెరుగుగా సూచించినవి. 2021లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు ఇంకను పెద్ద పరిశోధనను ప్రకటించిరి. వెయ్యిమందికి పైగా వృత్తి రగ్బీ ఆటగాండ్ర లాలాజలమును ఆటల కాలము మొదలుకాకముందే సేకరించిరి. పిదప తలకు దెబ్బ తగిలినవారి లాలాజలమును ఆట నడుమను, ఆట ముగిసినపిదపను, 36 మొదలు 48 గంటల తరువాతను మరల సేకరించిరి. 14 రకముల ఆర్.ఎన్.ఏ. తునకలను కలిపి చూడగా, మెదడు అదిరినవారిని అదరనివారినుండి నూటికి సుమారు 94 పాళ్లు సరిగా వేరుచేయ వీలైనది.

ఆశయు హద్దులును

ఈ ఫలితములు ఆశ కలిగించునవే. కాని ఆశను సిద్ధౌషధముగ భ్రమింపరాదు. బర్మింగ్‌హామ్ పరిశోధనలో పాల్గొన్నవారు వయసు వచ్చిన పురుషులు, వృత్తి ఆటగాండ్రు. బాలికలకును, పదేండ్ల బాలునికిని అవే కొలతలు సరిపోవునని చెప్పుటకు వీలులేదు. అమెరికా పరిశోధనలో పిల్లలున్నను వారి సంఖ్య స్వల్పము. కఠినమైన వ్యాయామము చేసినంతనే, దెబ్బ తగులకున్నను, కొన్ని మైక్రో ఆర్.ఎన్.ఏ.లు మారును. నోటిలో గాయమై రక్తము కలిసినను, తినిన వెంటనే సేకరించినను నమూనా తప్పుదారి పట్టింపవచ్చును. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున సమావేశమైన ప్రపంచ క్రీడావైద్యులును ఇట్టి పరీక్షలు పరిశోధనకేగాని నిత్యవైద్యమునకు ఇంకను తగవని నిర్ణయించిరి.

అయినను దీవులలో నివసించువారికి ఈ పరీక్షపై ప్రత్యేకమైన ఆసక్తి ఉండుట సహజము. కార్ నికోబార్ శ్రీ విజయపురమునకు సుమారు 270 కిలోమీటర్ల దూరమున నున్నది. శ్రీ విజయపురమునుండి చెన్నై సుమారు 1,200 కిలోమీటర్లు. తుఫాను వేళ ఓడయు, హెలికాప్టరును నిలిచిపోవును. చిన్న దీవిలోని ప్రతి బిడ్డను పెద్ద నిపుణుని ముందర పలుమారులు నిలబెట్టుట కష్టము. నిలువచేయు ద్రవములో ఉంచిన లాలాజలపు గొట్టమైతే బిడ్డకు బదులుగా తానే ప్రయాణము చేయగలదు. కరోనా కాలమున 1983లో స్థాపితమైన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రము ఈ దీవులలోనే ఆర్.ఎన్.ఏ. పరీక్షలు జరిపినది. కావున గొట్టములో నమూనా పంపి ఫలితమునకు వేచియుండుట దీవులవారికి కొత్తకాదు. ఏనాటికైన ఈ పరీక్ష పిల్లలలో నిగ్గుతేలినచో, దూరపు దీవులకే అది ఎక్కువ మేలుచేయును.

నేడు చేయవలసినది

పరీక్ష వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నవసరము లేదు. తెలిసిన మార్గము స్పష్టముగనే యున్నది.

తలకు దెబ్బ తగిలి, పైన చెప్పిన లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను బిడ్డను వెంటనే ఆటనుండి తప్పింపవలెను. ఆనాడు మరల ఆడనీయరాదు. "ఆడగలను" అను బిడ్డమాట దీనికి చాలదు. సందేహమున్నచో కూర్చుండబెట్టుటయే న్యాయము. ఒంటరిగ విడువక పెద్దలొకరు కనిపెట్టియుండవలెను. వైద్యుని అడుగక నొప్పిమాత్ర ఈయరాదు.

మాటిమాటికి వాంతులగుట, తలనొప్పి హెచ్చుచుండుట, మూర్ఛ, మాట తడబడుట, కాలుచేతులు బలహీనపడుట, ఒక కంటిపాప పెద్దదగుట, ముక్కు చెవులనుండి రక్తమో నీరో కారుట, లేపినను లేవకుండుట, మెడనొప్పి: వీనిలో ఏదైన కనబడినచో క్షణము ఆలసింపక 112కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. శ్రీ విజయపురమున జి.బి. పంత్ ఆసుపత్రియు, కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రియు కలవు. ప్రమాద లక్షణములు లేనప్పుడు దూరపు దీవులవారు ఈ-సంజీవని ద్వారమున వైద్యునితో మాట్లాడవచ్చును.

మొదటి ఒకటి రెండు దినములు బిడ్డకు విశ్రాంతి కావలెను. అనగా చీకటి గదిలో బంధించుట కాదు. ఇంటిలో మెల్లగ నడచుట మంచిదే. ఫోను, టెలివిజను మాత్రము తగ్గింపవలెను. పిమ్మట చదువునకు మెల్లమెల్లగ మరలింపవలెను. ఉపాధ్యాయులు మొదట పాఠమును, వ్రాతపనిని తగ్గించి సాయపడవలెను. ఆటకు మరలుట ఆరు మెట్లుగా జరుగవలెను: నిత్యకృత్యములు; తేలికైన వ్యాయామము; ఒంటరిగ ఆటకు తగిన సాధన; ఇతరులతో కూడి, ఒరయిక లేని సాధన; వైద్యుని అనుమతి పొందిన పిదప పూర్తి సాధన; తుదకు పోటీ. మెట్టునకును మెట్టునకును కనీసము ఒక దినము గడువవలెను. బాధ స్పష్టముగ హెచ్చినచో ఒక మెట్టు దిగవలెను. చదువు పూర్తిగ కుదుటపడకముందు పోటీ కూడదు. సైకిలు తొక్కువారు శిరస్త్రాణము తప్పక ధరింపవలెను. అది పుర్రె పగులకుండ కాపాడునుగాని మెదడు అదురును పూర్తిగ ఆపజాలదని ఎరుగవలెను.

ఎంపిక తప్పిపోవునని బాలుడు కంటనీరు పెట్టుకొనవచ్చును. ఈ ఏడు తప్పిన ఎంపిక మరుసటి ఏడు మరల వచ్చును. చెడిన మెదడు మరల రాదు. ఏదో ఒకనాడు ఒక ఉమ్మిచుక్క "ఇక ఆడవచ్చును" అని నిజము చెప్పవచ్చును. అంతవరకు ఆ నిజమును ఓపికతో కనిపెట్టవలసినవారు తల్లియు, తండ్రియు, ఉపాధ్యాయుడును, శిక్షకుడునే. బిడ్డ తన బాధను భయములేక చెప్పగల ఇల్లు, చెప్పిన బిడ్డను పిరికివాడని పరిహసింపని మైదానము, ఈ రెండును నేడే అందరి చేతిలోనున్న మందులు.