ప్రచారం ముగిసిన తర్వాతి 48 గంటలు: 126వ సెక్షన్, సామాజిక మాధ్యమాలు

సామాజిక మాధ్యమాలు రాజకీయాలపై చూపే ప్రభావాన్ని ఖాతాల సంఖ్యతోనో, అనుచరుల లెక్కతోనో కొలవడం పరిపాటి అయింది. ఎన్నికల చట్టం ఎక్కడ పట్టు కోల్పోతున్నదో పరిశీలిస్తే ఆ ప్రభావం మరింత స్పష్టంగా తెలుస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ అందుకు తగిన ఉదాహరణ.

పోలింగు ముగిసే వేళకు ముందు 48 గంటలపాటు ఆ పోలింగు ప్రాంతంలో బహిరంగ సభలు, ఊరేగింపులు జరపరాదనీ, సినిమా, టెలివిజన్ లేదా అటువంటి ఇతర సాధనాల ద్వారా ఎన్నికల విషయాన్ని ప్రజలకు ప్రదర్శించరాదనీ ఈ సెక్షన్ శాసిస్తుంది. మైకులు మూగబోయిన ఆ వ్యవధిలో ఓటరు ఒత్తిడి లేకుండా ఆలోచించుకోవాలన్నది దీని ఆశయం. ఇక్కడ గమనించవలసినది 'ఆ పోలింగు ప్రాంతంలో' అన్న పరిమితి. సభకు మైదానం ఉంటుంది, ఊరేగింపుకు వీధి ఉంటుంది. సందేశానికి అటువంటి ఎల్ల లేదు. 2019 లోక్‌సభ ఎన్నికలు 7 దశల్లో జరిగాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తొలి దశలో, ఏప్రిల్ 11న పోలింగు జరిగింది. చివరి దశ మే 19న. తెలుగు ఓటరు మౌనవ్యవధిలో ఉన్నప్పుడు తర్వాతి దశల నియోజకవర్గాల్లో ప్రచారం చట్టబద్ధంగానే సాగింది. అక్కడి ప్రసంగం ఇక్కడి ఫోనులో వినిపించకుండా ఆపగల గోడ ఏదీ లేదు. టెలివిజన్‌తోనే ఈ చిక్కు మొదలైందన్నది నిజమే; అయితే అక్కడ ప్రసారానికి జవాబుదారీ అయిన సంస్థ ఒకటి కనబడుతుంది.

ఎన్నికల సంఘం ఊరకే ఉండలేదు. అభ్యర్థులు తమ ఖాతాలను అఫిడవిట్‌లో వెల్లడించాలనీ, ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ పొందాలనీ, ఆ ఖర్చును ఎన్నికల వ్యయంలో చూపాలనీ 2013 అక్టోబరులోనే ఆదేశించింది. 2019 మార్చిలో ఫేస్‌బుక్, వాట్సాప్, ట్విట్టర్, గూగుల్ వంటి వేదికలు ఒక స్వచ్ఛంద నియమావళికి అంగీకరించి, 126వ సెక్షన్ ఉల్లంఘనలపై సంఘం తెలిపిన 3 గంటల్లో చర్య తీసుకొంటామన్నాయి. 'స్వచ్ఛంద' అన్న విశేషణమే దాని బలహీనతను చెబుతున్నది.

పైగా తొలగించమనడానికి ముందు చూడగలగాలి కదా! 2016 నుండి వాట్సాప్ సందేశాలను పంపినవారు, అందుకొన్నవారు తప్ప నడుమ ఆ సంస్థ సైతం చదవలేదు. 2018 జులైలో, వదంతుల వల్ల మూకహత్యలు జరిగిన నేపథ్యంలో, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకమారు 5 చాట్లకే ఫార్వర్డ్ చేసే పరిమితిని ఆ సంస్థ ప్రవేశపెట్టింది. అప్పుడు గ్రూపు గరిష్ఠ సభ్యత్వం 256. అంటే ఆ కట్టడికి లోబడి ఒక్కరు ఒక్కమారు పంపినా 1,280 మంది వరకు చేరవచ్చు. మన గ్రామసభలకు అంతమంది రావడం అరుదు.

ఇంతకూ గ్రూపులో పంపడం 'ప్రజలకు ప్రదర్శించడం' అవుతుందా? అవుతుందంటే కుటుంబ గ్రూపులో మేనమామ పంపిన వీడియో కూడా నేరమవుతుంది. కాదంటే పార్టీ కార్యకర్త బూత్‌ల వారీగా నడిపే వందల గ్రూపులు చట్టానికి బయటే ఉంటాయి. ఈ రెంటినీ వేరుచేయగల గీటురాయి సందేశంలోని విషయం కాదు, దాని వెనుక ఉన్న వ్యవస్థ, వెచ్చించిన ధనం. 126వ సెక్షన్‌ను సవరించదలిస్తే 'సాధనం' అన్న పదాన్ని విస్తరించడం కన్నా, సంఘటిత పంపిణీని నిర్వచించి దాన్ని వ్యయ పరిశీలనతో ముడిపెట్టడం మేలు.