పాత పికప్ కొనేముందు తొట్టి వాసన చూడండి

పోయిన నెల మన గ్రూపులో ముగ్గురు అడిగినారు, పాత పికప్ ఏది కొనాలి, ఎంత పెట్టాలి అని. ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టేదానికన్నా ఒకేసారి రాసేది మేలని రాస్తా ఉన్నాను. నేను మెకానిక్కును కాను, పదో తరగతి వరకే చదివినాను. కానీ పదహారేళ్లుగా పురుగు మేపుతా ఉన్నాను. నాలుగేళ్లుగా 2013 మోడల్ బొలెరో పికప్ నా చేతిలో ఉంది. ఈ నాలుగేళ్లలో తిరుత్తణి నుంచి ధర్మపురికి, పలమనేరుకు, రామనగరానికి గూళ్లు ఆ బండిలోనే పోయినాయి.

బండ్ల గురించి చెప్పేవాళ్లు చానామంది ఉన్నారు. ఇంజిన్ చూడు, టైర్లు చూడు అంటారు. అవి చూడాల్సిందే. అయితే వాళ్లెవరూ పట్టుపురుగు మేపేవాళ్లు కారు. ఇటుకలు తోలేవాడికి మంచి బండి మనకు విషం కావచ్చు. అందుకని ముందు మన సరుకు సంగతి చెప్పి, తర్వాత బండి దగ్గరకు వస్తాను.

బివోల్టిన్ 250 గుడ్లు మేపితే, పంట బాగా వచ్చినప్పుడు 180 నుంచి 200 కిలోల గూళ్లు వస్తాయి. టన్ను పైన మోసే బండికి అదొక బరువే కాదు. మనకు కావాల్సింది బరువు మోసే బలం కాదు, స్థలమూ గాలీ. గూటి లోపల ప్యూపా ప్రాణంతో ఉంటుంది, ఊపిరి పీలుస్తుంది, తేమ వదులుతుంది. సంచి మీద సంచి వేసి, పైన టార్పాలిన్ బిగించి రాత్రంతా తోలితే అడుగు సంచిలో చెయ్యి పెట్టి చూడండి, సెగ తగులుతుంది. ప్యూపా చచ్చి నల్లనీరు కారితే గూడు లోపల మరక పడుతుంది. మార్కెట్లో రీలరు గూడు చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు, కోసి చూస్తాడు, మాట్లాడకుండా పక్క లాటుకు పోతాడు. కిలోకు 50 రూపాయలు తగ్గినా 200 కిలోలకు 10 వేలు. ఇరవై అయిదు రోజులు నిద్రపోకుండా మేపినదాన్ని ఆ ఒక్క రాత్రి తినేస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ తొట్టిలో ఇంతకు ముందు ఏం తోలినారు? పురుగుమందు ఆవగింజంత చాలు మన పురుగు చచ్చేదానికి. పొగాకు కూడా అంతే. నేను బండి కోసం తిరిగినప్పుడు మొత్తం అయిదు బండ్లు చూసినాను. తిరువళ్లూరు దగ్గర ఒక బండి, ఇంజిన్ బంగారం, ధర కూడా తక్కువ. పలక సందుల్లో తెల్లపొడి కనిపించింది. ఎరువుల మందుల అంగడికి తోలిన బండి అది. గుడియాత్తం వైపు ఇంకొకటి, బీడీ పొగాకు బస్తాలు మోసింది. చిత్తూరు వైపు మామిడికాయలు తోలిన బండి ఒకటి. మామిడికి ఎన్నిసార్లు మందు కొడతారో మనకు తెలియనిది కాదు. పూల బండి శుభ్రంగా ఉంటుంది అనుకుంటాము గానీ, మల్లెకు, చామంతికి కొట్టే మందులు తక్కువా? కోళ్ల బండి అయితే నేను దగ్గరకే పోలేదు.

నాకు దొరికింది పొదటూరుపేటలో నేతవాళ్ల బండి. నూలు కట్టలు, పడుగు దిమ్మెలు, చీరల మూటలు తప్ప వేరేది తోలలేదు. తొమ్మిదేళ్లకు లక్షా పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఎండలో నిలబెట్టకుండా షెడ్డులో పెట్టుకున్నారు, సీటు కవరు కూడా చిరగలేదు. 3 లక్షల 20 వేలు చెప్పినారు, 3 లక్షలకు తెగింది. మన వైపు మగ్గాలకు కరువు లేదు కాబట్టి ఇట్లాంటి బండ్లు వెతికితే దొరుకుతాయి. బ్రోకరును కాదు, ఊరిలో టీ అంగడి వాళ్లను అడగండి, ఎవరి బండి ఏం తోలుతుందో వాళ్లకే బాగా తెలుసు.

యజమాని మాట ఒకటే నమ్మొద్దు. నేను ఒక పని చేసినాను, అది చెప్తాను. బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చేముందు తడిపిన మల్బరీ ఆకులు పది తీసుకుని పోయి తొట్టి మూలల్లో, పలక సందుల్లో, పక్క డోర్ల లోపల బాగా రుద్దినాను. వాటిని ఒక కవర్లో, అదే తోట నుంచి కోసిన మామూలు ఆకులు ఇంకొక కవర్లో పెట్టుకుని ఇంటికి తెచ్చినాను. మూడో జ్వరానికి ముందున్న పురుగులు ఇరవై ఒక పళ్లెంలో, ఇరవై ఇంకొక పళ్లెంలో వేసి ఆ ఆకు ఒకదానికి, ఈ ఆకు ఒకదానికి వేసినాను. ఒక రోజంతా చూడాలి. మందు ఉంటే పురుగు మేత వదిలేస్తుంది, తల పైకెత్తి ఊపుతుంది, పచ్చనీళ్లు కక్కుతుంది, ఒళ్లు ముడుచుకుంటుంది. నా రెండు పళ్లేలలోనూ పురుగులు ఒకేలా మేసినాయి. ఇది లాబ్ టెస్టు కాదు. అయినా మూడు లక్షలు పెట్టేముందు ఇరవై పురుగుల ఖర్చు ఏమంత పెద్దది కాదు. యజమాని నవ్వినాడు, నవ్వనీండి.

తొట్టి అడుగున చెక్క పలకలు ఉంటే చెదల మందు పూసినారా అని తప్పక అడగండి. అనుమానం ఉంటే పలకలు తీసి పారేసి రేకు వేయించుకోండి.

ఇంక ఇనుము సంగతి. ఉదయాన్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పోయి స్టార్టు చేయండి. మీరు వచ్చేసరికే బండి వేడిగా ఉంటే ఎందుకో ఆలోచించండి. నీలం పొగ వస్తే ఆయిలు మండుతా ఉంది. ఆయిలు పోసే మూత తీసినప్పుడు పొగ బుసబుసా వస్తే పిస్టన్లు అరిగినాయి. ఛాసిస్ కింద పడుకుని చూడండి, వెల్డింగ్ అతుకులు ఉంటే వద్దు. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది, ఆర్.సి.తో పోల్చండి. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది అని అర్థం. బటన్ ఎంత ఉన్నా ఏడెనిమిదేళ్ల టైరును ఘాటు రోడ్డులో నమ్మకూడదు.

మన జిల్లా వాళ్లు ఇంకొకటి చూడాలి. 2015 డిసెంబరు వరదలో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో చెన్నై చుట్టుపక్కల ఎన్నో బండ్లు నీళ్లలో మునిగినాయి. కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటే తెలిసిపోతుంది. హెడ్‌లైటు గాజు లోపల మట్టి, సీటు కింద బోల్టులకు తుప్పు, ఇవీ చూడండి.

కాగితాల గురించి తొందరగా చెప్పేస్తాను. పరివాహన్‌లో నంబరు కొట్టి ఎఫ్.సి., ఇన్సూరెన్సు, చలాన్లు, ఫైనాన్సు అన్నీ చూసుకోండి. ఫైనాన్సు ఉంటే ఫారం 35 వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్చుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ప్రతి సంవత్సరం ఎఫ్.సి. ఉంటుంది. 15 ఏళ్లు దాటితే 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు బాగా పెరిగింది, కాబట్టి 13, 14 ఏళ్ల బండి చౌకగా వస్తా ఉంది అంటే కారణం అదే కావచ్చు. మొత్తం బరువు 3000 కిలోలు దాటని బండికి చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు, ఆర్.సి.లో ఆ అంకె చూసుకోండి. కారు లైసెన్సుతో పికప్ తోలొచ్చా అని అడుగుతుంటారు. 7500 కిలోల లోపు అయితే తోలొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

1960 ఏప్రిల్ 1 దాకా మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. మన చుట్టరికాలు ఇప్పటికీ నగరి, పుత్తూరులోనే ఉన్నాయి, మాట అదే మాట. కానీ బండికి చుట్టరికం తెలియదు. బావమరిది బండి చౌకగా ఇస్తాడని ఏ.పి. 03 బండి తెచ్చుకుంటే అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడి టాక్సు, మళ్లీ టి.ఎన్. నంబరు, అన్నీ చేయించాలి. ఆ ఖర్చంతా లెక్కేసుకుని బేరం ఆడండి.

కొన్నాక ఏం మార్చినాను అంటే, చానా తక్కువ. మొదట బ్రేకులు. ప్యాడ్లు, వెనక లైనర్లు, వీల్ సిలిండర్లు, బ్రేకాయిలు, రబ్బరు పైపులు అన్నీ కొత్తవి. రామనగరం నుంచి తిరిగి వచ్చేటప్పుడు పలమనేరు దాటినాక మొగిలి ఘాట్ దిగాలి, అక్కడ ప్రాణం బ్రేకు మీదే ఉంటుంది. తర్వాత కూలెంటు, బెల్టులు, బ్యాటరీ. హెడ్‌లైట్లకు కళ్లు చెదిరే బల్బులు వేయలేదు. పాత వైరింగులో కరెంటు సగం దారిలోనే పోతుంది, దానికి రిలే కిట్ ఒకటి పెట్టిస్తే పాత బల్బే బాగా వెలిగింది. వెనక, పక్కల రిఫ్లెక్టర్ టేపు కొత్తది.

కమాన్ కట్టల్లో ఒక పట్టీ తీయించినాను. పాత యజమాని కంపెనీ ఇచ్చినదానికి పైన ఒకటి అదనంగా వేయించి ఉన్నాడు. 200 కిలోలకు ఆ బండి ఎగిరెగిరి పడేది. రెండో జ్వరంలో ఉన్న చాకీ పురుగులను తెచ్చేటప్పుడు ఆ కుదుపు మంచిది కాదు. కంపెనీ లెక్కకు తెచ్చినాక మెత్తబడింది. చానామంది బలం కోసం పట్టీలు వేయిస్తారు, మనకు దానితో పని లేదు.

అన్నింటికన్నా బాగా పనికొచ్చింది తొట్టిలో పెట్టుకున్న మూడంతస్తుల స్టాండు. చదరపు పైపులతో వెల్డింగ్ చేయించి, ఒక్కొక్క అంతస్తుకు ప్లాస్టిక్ జల్లెడ వల పరిచినాను. అంతస్తుకు అంతస్తుకు మధ్య అడుగున్నర. సంచులు వదులుగా నింపి, పడుకోబెట్టి, ఒకే వరసలో పెడతాను. సంచి మీద సంచి పడదు, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. పైన కమ్మీలు వంచి షేడ్ నెట్, దాని మీద చుట్టిపెట్టిన టార్పాలిన్. వాన పడితేనే విప్పుతాను, అప్పుడు కూడా వెనక వైపు తెరిచే ఉంచుతాను. స్టాండు బోల్టులతో నిలబడుతుంది, పావుగంటలో తీసేయొచ్చు. అది సామాను లెక్క, బండి భాగం కాదు. తొట్టి పొడవు పెంచడం, ఎత్తు పెంచడం లాంటివి చేయొద్దు. ఆర్.సి.లో ఉన్నదానికి తేడా వస్తే ఎఫ్.సి. దగ్గరే కాదు, యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు దగ్గరా చిక్కే.

తొట్టికి పెయింటు వేయించాలంటే పంట అమ్మిన మరుసటి రోజే వేయించండి. కనీసం రెండు వారాలు ఎండలో, గాలిలో వాసన పోవాలి. క్యాబిన్‌లో సెంటు డబ్బాలు, దోమల మందు వద్దే వద్దు. చాకీ ట్రేలను చల్లగా ఉంటుందని ముందు సీటు మీద పెట్టుకునేవాళ్లు మనలో ఉన్నారు కదా.

కడగడం గురించి కొందరు అడిగినారు. పురుగు ఇంటికి వాడే బ్లీచింగ్ పౌడరు నీళ్లు తొట్టికి కొడితే రోగం పోతుంది గానీ రేకు కూడా పోతుంది. నేను స్టాండు మీది వలలు, ట్రేలు మాత్రం విడిగా బ్లీచింగ్ నీళ్లలో నానబెడతాను. తొట్టిని సబ్బునీళ్లతో రుద్ది కడిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో డోర్లు తెరిచి పెడతాను. ఎప్పుడైనా బ్లీచింగ్ కొట్టాల్సి వస్తే అరగంట తర్వాత మంచినీళ్లతో బాగా కడిగేయాలి. మార్కెట్ నుంచి వచ్చిన బండిని నేరుగా పురుగు ఇంటి వాకిట్లోకి తీసుకుపోవద్దు. అక్కడ వంద ఊర్ల గూళ్లు, సంచులు కలిసి ఉంటాయి. పెబ్రిన్, పాలరోగం టైరుకు అంటుకుని కూడా వస్తాయి.

ఇంత చేసినాక అసలు కష్టం ఇంటి పక్కన ఉంటుంది. బండి వచ్చిన వారానికే మా వీధి మామ ఒకాయన వచ్చినాడు. "అల్లుడూ, నాలుగు మూటల యూరియా, రెండు డబ్బాల మందు, అంతే కదా" అన్నాడు. కాదంటే ముఖం మాడ్చుకుంటాడు, అవునంటే నా పంట పోతుంది. ఆయన్ను పురుగు ఇంట్లోకి పిలిచి నాలుగో జ్వరం లేచిన పురుగులను చూపించినాను, ఇవి ఆ డబ్బా వాసనకే చస్తాయి మామా అని చెప్పినాను. మందుకు వేరే ఆటో మాట్లాడి సగం బాడుగ నేనే ఇచ్చినాను. అది నాకు నష్టం అనిపించలేదు. ఇప్పుడు వాళ్ల వడ్ల మూటలు, పెళ్లి సామాను తోలుతాను. మందు మాత్రం ఎవరూ అడగరు. ఇంకొకటి, గూళ్లు విడిపించే కూలీలను వెనక తొట్టిలో ఎక్కించుకోవద్దు. అట్లా వెనక కూర్చున్నవాళ్లకు గూడ్స్ ఇన్సూరెన్సు వర్తించదు. ఏమైనా జరిగితే పొలం అమ్మినా చాలదు.

ఒక్కరికే బండి ఎందుకు అనుకుంటే నలుగురు కలిసి కొనండి. కానీ నలుగురూ పురుగు మేపేవాళ్లే అయి ఉండాలి. మా ఊర్లో ముగ్గురి గూళ్లు నా బండిలో పోతాయి, డీజిలు పంచుకుంటాము. లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తుంది. సంచులకు ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు తాడు కడతాము, తారుమారు కాదు.

బయలుదేరేది రాత్రి పది తర్వాతే. తెల్లారేసరికి మార్కెట్లో ఉంటాము, ఎండ తగలదు. దారిలో టీకి ఆగితే బండిని గాలి వచ్చే చోట నిలపండి, లారీల మధ్య ఇరికించొద్దు. ఆడికృత్తిక మూడు రోజులు తిరుత్తణి టౌను గుండా పోవాలని చూడొద్దు, కావళ్ల జనంలో గంటలకొద్దీ నిలబడిపోతారు. ఆ రోజుల్లో పొదటూరుపేట, పళ్ళిపట్టు మీదుగా చిత్తూరు చేరుకోండి.