పాత కారుకు పలచటి ఆయిలు చేటు

పామిడి: అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. ఉన్న కార్లను అమ్ముకోలేని వారికి ఆయిలుతోనే చిక్కు. ధర ఎక్కువ గనుక మేలైనదని కొత్త కార్ల 0డబ్ల్యు-20 ఆయిలును పాత 1,489 సీసీ పెట్రోలు ఇంజనులో పోస్తే, అరిగిన బేరింగుల సందుల్లో అది నిలవదు. ప్రెషరు పడిపోతుంది. రింగులు దాటి కాలిపోయి నీలిపొగ వస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఇక్కడి ఎండలకు 20డబ్ల్యు-50 తగినది. ఇందులో మొదటి అంకె చలిలో, రెండవది ఇంజను వేడెక్కాక ఉండే చిక్కదనాన్ని తెలుపుతుంది.

మరొక సంగతి. కామ్, టాపెట్లు అరగకుండా కాపాడే జింకును, పొగగొట్టంలోని కన్వర్టరు పాడవుతుందని నేటి పెట్రోలు ఆయిళ్లలో తగ్గించారు. పాత కారుకు కన్వర్టరే లేదు! జింకు ఎక్కువున్న రకాన్ని అడిగి తీసుకోవాలి. చౌకగా వస్తుందని వడకట్టిన నల్ల ఆయిలు పోస్తే రీబోరు ఖర్చు తప్పదు.