చెరువులో చేపల పొత్తు, వాని మేత



కందిచేలో జొన్నసాళ్లు వేయుట మన తాతలనాటినుండి యున్న వాడుక. జొన్న ముందుగా నెదిగి కోతకు వచ్చును. కంది వేరు లోతునకు దిగి, జొన్న కోసిన పిదప గుబురుగా పెరుగును. ఒకదాని కూడు నొకటి లాగికొనదు గనుకనే యా రెండును ఒక చేనిలో నిముడుచున్నవి. చేపల చెరువుకూడ నట్టి చేనే. అందు మీదినీరు, నడిమినీరు, అడుగునీరు అని మూడంతస్తులు గలవు. ఏ అంతస్తున ఏ చేప మేయునో, ఏది తినునో తెలిసి పిల్లలను విడిచినవాడు మూడు పంటలు తీయును. తెలియక విడిచినవాడు ఒక పంటయు సరిగా తీయడు.

ఇది నేను పుస్తకమువలన గాక నష్టమువలన నేర్చుకొన్న పాఠము. కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన యొక గ్రామమున సంఘసభ్యులు రెండెకరముల కుంటను కవులునకు తీసికొని, అప్పు తెచ్చి, 4,000 బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను విడిచిరి. రెండు నెలలు గడచిన పిమ్మట ఒక పెద్దరైతు ప్రక్క కాలువలో పట్టిన తిలాపియా పిల్లలను బిందెడు తెచ్చి, “అయ్యా, ఇవి ఊరక దొరికినవి. వానితోపాటు ఇవియు బ్రదుకును గదా, విడువవచ్చునా?” అని నన్నడిగెను. అవి మన చేపలను పట్టి మ్రింగునవి కావని మాత్రమే నే నప్పుడెరుగుదును. “విడువుడు, నష్టము లేదు” అంటిని.

పదియవ నెలలో వల లాగిరి. గట్టుమీద పడిన చేపలలో సగమునకు పైగా అరచేతికి మించని తిలాపియాలే. కిలో తూగవలసిన శీలావతులు అరకిలోకు అటునిటుగా నుండెను. పది నెలలు పోసిన తవుడును, పిండియు ఎవరి కడుపులోనికి పోయినవో ఆనాడు తెలిసినది. అప్పు తీరుటకు మరియొక యేడు పట్టెను. ఆ పెద్దరైతు నన్నొక్క మాటయు ననక, తట్టలు లెక్కించుచు గూరుచుండెను. తప్పు అతనిది కాదు, నాది. అది మరియొక గ్రామమున జరుగకుండుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాలుగు ప్రశ్నలు

ఏ చేపనైనను చెరువులోనికి తెచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: దాని నోట తక్కిన చేప పట్టునా? రెండవది: అది తినునదే తక్కినదియు తినునా? మూడవది: రెండును ఒకే అంతస్తున మేయునా? నాలుగవది: అది మన చెరువులోనే గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయునా? నేనానాడు మొదటి ప్రశ్న మాత్రమే వేసికొని తక్కిన మూటిని మరచితిని.

కొరమీను, వాలుగ మొదలగునవి మొదటి ప్రశ్నయందే తప్పును. అవి మాంసాహారులు. వేలెడు పిల్లలను విడిచిన చెరువులో పది వాలుగలున్నను చాలు, వేసవినాటికి పిల్లల లెక్క తలక్రిందులగును. కావున పిల్లలను విడుచుటకు ముందు చెరువు నెండగట్టవలెను. ఎండగట్టుటకు వీలు లేనిచోట ఎకరమునకు, మీటరు లోతు నీటికి, సుమారు 1,000 కిలోల ఇప్పపిండి వేసినచో పాతచేపలు చచ్చి తేలును. దాని విషము విరుగుటకు రమారమి మూడు వారములు పట్టును. పిదప నదియే ఎరువగును. అంతవరకు క్రొత్తపిల్లలను విడువరాదు. తూమునకును, అలుగునకును సన్నకన్నుల వల బిగింపనిచో ఈ శ్రమయంతయు వృథా. కాలువనీటితోపాటు పరచేపలు మరల లోనికి వచ్చును.

పొత్తు కుదిరిన చేపలు

మన దేశపు పెంపుడుచేపలలో బొచ్చె మీదినీటి చేప. దాని నోరు పైకి తిరిగియుండును. కంటికి కనబడీ కనబడని నీటిపురుగులే దాని ముఖ్యాహారము. శీలావతి నడిమినీట మెలగి పాచిని, కుళ్లు ఆకును మేయును. ఎర్రమోసు అడుగున చేరి బురదలోని కుళ్లుడు పదార్థమును తినును. నోరు చూచినను, మేత చూచినను, అంతస్తు చూచినను ఈ మూటికి పెద్దగా పోటీ లేదు. ఇవి పారునీటి చేపలు గనుక నిలువనీట సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. అందువలన ఎన్ని విడిచితిమో వానిలో చచ్చినవి పోగా మిగిలినవే చెరువులో నుండును. ఇది రైతునకు గొప్ప మేలు. 1957లో జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ నందు హీరాలాల్ చౌధురీగారును, ఆలికున్హిగారును చేపకు మందు పొడిచి గ్రుడ్లు పెట్టించిరి. అంతకు మునుపు ఈ జాతుల పిల్లలకొరకు నదులమీదనే ఆధారపడవలసి యుండెను. ఇప్పుడు ఏ జాతికాజాతి పిల్లలను కేంద్రములనుండి వేరుగా కొనవచ్చును.

ఈ మూటికి తోడుగా 1957లో బంగారుతీగ జాతి యొకటియు, 1959లో వెండిచేప, గడ్డిచేపలును విదేశములనుండి మన దేశమునకు వచ్చెను. గడ్డిచేప నీటిలోని నాచును మేయును. దాని పెంట చెరువునకు ఎరువగును. నాచు లేని చెరువున దానిని విడిచినచో ప్రతిదినము గడ్డి కోసి వేయవలసియుండును. వెండిచేప పచ్చని నీటిపాచిని వడగట్టి తినుచు మీదినీటనే యుండును గనుక, దానిని విడిచినచోట బొచ్చెను తగ్గింపవలెను. బంగారుతీగ అడుగున మేయును. అది నిలువనీట గ్రుడ్లు పెట్టగలదు, అడుగుమట్టిని త్రవ్వి గట్టునుకూడ చెరుపును గనుక కొలదిగానే యుండవలెను.

ఎకరమునకు మూడు నాలుగంగుళముల పిల్లలు 2,000 చాలును. మూడు జాతులే అయినచో పదింట బొచ్చె మూడు, శీలావతి మూడు, ఎర్రమోసు నాలుగు అను పాలు పలుతావుల వాడుకలో నున్నది. కొల్లేటి ప్రాంతమున అంగడి గిరాకినిబట్టి శీలావతినే ఎక్కువపాలు విడిచి, బొచ్చెను కొలదిగా కలుపుచున్నారు. అట్లు చేయువారు ఆ చేప మేతనంతయు చేతితో పోయవలసియుండునని మరువరాదు.

తిలాపియా కుటుంబము

ఇక నన్ను తప్పుదారి పట్టించిన చేపనుగూర్చి చెప్పెదను. తిలాపియా సిక్లిడ్ అను కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబపు చేపలు ఆఫ్రికాలోను, అమెరికా ఖండములలోను అనేకములు గలవు. మన దేశమున స్వతస్సిద్ధముగా నున్నవి మూడు జాతులు మాత్రమే. కేరళ ప్రభుత్వము 2010లో రాష్ట్రపు చేపగా ప్రకటించిన కరిమీను వానిలో నొకటి. పట్టణములలో గాజుతొట్లయందు వేడుకకై పెంచు రంగుచేపలలో పెక్కు ఈ కుటుంబమువే.

ఈ కుటుంబమునకు గల గుణము సంతానముపై మమకారము. కరిమీను జంట రాతికో, కొయ్యకో గ్రుడ్లంటించి, రెండును కాపు కాయును. ఆడుతిలాపియా గ్రుడ్లను తన నోటనే పెట్టుకొని పొదుగును. అన్నాళ్లు మేత ముట్టదు. మగచేప అడుగున గుంట త్రవ్వి, ఆ చోటు తనదని తక్కినవానిని తరుమును. గాజుతొట్టిలో రంగుచేపలు పెంచువారు చెప్పు కష్టమును ఇదియే. తొట్టి చిన్నదై, దాగుటకు రాయియు మూలయు లేకున్నచో బలమైనది బలహీనమైనదానిని చంపువరకు విడువదు. మాంసము తినుదానిని పాచి తినుదానితో నుంచినచో ఒకరి మేత మరియొకరికి రోగమగును. తొట్టియైనను చెరువైనను ధర్మమొక్కటే. పరిమాణము, మేత, స్వభావము, ఈ మూడును కుదిరినవే కలిసి బ్రదుకును.

మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశమునకు వచ్చెను. పేదలకు చౌకగా మాంసము దొరకునని తెచ్చిరి. అది రెండు మూడు నెలలకే పిల్లలు చేయ నారంభించి, ఏటికి పలుమారులు పొదుగును. గ్రుడ్లు నోటిలో భద్రముగా నుండుటచే పిల్లలలో చచ్చునవి తక్కువ. చెరువు నిండును, మేత చాలదు, అన్నియు గిడసబారును. పాచి, కుళ్లు, తవుడు, పిండి, ఏది పోసినను తినును గనుక శీలావతికిని, ఎర్రమోసుకును పోటీ తప్పదు. నా రెండవ, మూడవ, నాలుగవ ప్రశ్నలకు ఇదియే జవాబు. చేప చెడ్డది కాదు, దాని లెక్క మన చేతిలో లేకపోవుటయే చెడు.

తిలాపియానే పెంచదలచినవారికి దారి లేకపోలేదు. 1988లో ఫిలిప్పీన్సు దేశమున ఆరంభించిన పరిశోధనవలన నైలు తిలాపియానుండి వేగముగా నెదుగు మేలుజాతి యొకటి వచ్చినది. దానిలో మగపిల్లలను మాత్రమే పెంచినచో సంతానపు బెడద మిక్కిలి తగ్గును. అయితే మత్స్యశాఖవారి అనుమతి పొంది, అనుమతిగల కేంద్రముననే పిల్లలను కొని, నీరు బయటికి పోని ప్రత్యేకపు చెరువుననే పెంచవలెను. ఊరి చెరువునను, కాలువయందును ఎన్నడును విడువరాదు. ఇదివరకే తిలాపియా నిండిన చెరువున, అవి బాగుగ నెదిగిన పిమ్మట, వానికంటె చిన్నవగు కొరమీనులను కొలదిగా విడిచినచో పిల్లలను తిని లెక్కను తగ్గించును. ఆ చెరువున బొచ్చె, శీలావతి చిన్నపిల్లలు మాత్రము ఉండరాదు.

మేత

చేపకు మొదటి మేత చెరువే. సున్నమును పశువుల పెంటయు తగినంత వేసిన చెరువున నీరు లేబచ్చ వన్నె దేరును. మోచేతివరకు చేయి ముంచినపుడు అరచేయి కనబడీ కనబడకుండినచో మేత సరిపోయినదని యెరుగునది. స్పష్టముగా కనబడినచో ఎరువు చాలదు. మణికట్టు దాటకముందే మరుగైనచో ఎరువు హెచ్చినది.

పైమేతగా తవుడును, వేరుసెనగపిండియు సమపాళ్లుగా కలిపి వాడవచ్చును. దినమునకు చేపల మొత్తపు బరువులో నూటికి రెండు మూడు పాళ్లు చాలును. ఎకరమున 2,000 చేపలు తలకు 100 గ్రాములున్నప్పుడు మొత్తము 200 కిలోలు; దినమునకు 6 కిలోలు మించనక్కరలేదు. అవే అరకిలో చొప్పున నెదిగినపుడు మొత్తము 1,000 కిలోలు. 20 కిలోలు పోయవలెను. చెరువులో పిలువని పిల్లలు వేలకు వేలున్నచో ఈ లెక్క యేమగునో మీరే యోచింపుడు. మేతను నీటిపై వెదజల్లుటకంటె, కొల్లేటివారివలె సంచులకు చిన్న రంధ్రములు చేసి గుంజలకు గట్టి వ్రేలాడదీయుట మేలు. చేపలు వచ్చి రంధ్రములయొద్ద చప్పరించి తినును, వృథా తక్కువ. మరునాడు సంచిలో మేత మిగిలినచో ఆ దినము తగ్గింపవలెను.

తెల్లవారుజామున చేపలు మీదికి వచ్చి నోరు తెరచుకొని గాలికై యాడినచో అది ఆకలి కాదు, నీట ప్రాణవాయువు తగ్గిన గురుతు. అప్పుడు మేతయు ఎరువును నిలిపి, క్రొత్తనీరు పెట్టవలెను. ఆకలియనుకొని మేత పోసినవారు చెరువునంతను పోగొట్టుకొందురు.

సభ్యులారా, చేపల లెక్క తెలియనివానికి మేత లెక్క తెలియదు. మేత లెక్క తెలియనివానికి అప్పు లెక్క తెలియదు. సంఘపు చెరువున ఏ జాతి పిల్లలు, ఎన్ని, ఏ దినమున విడిచితిరో పుస్తకమున వ్రాసియుంచుడు. నెలకొకసారి వల వేసి కొన్నింటిని తూచి, ఆ తూకము ప్రక్కన వ్రాయుడు. ఊరక దొరికిన పిల్లలను ఎవరేని బిందెలో తెచ్చినచో, వారిని గట్టుమీదనే నిలిపి, ఆ నాలుగు ప్రశ్నలడుగుడు. నాలుగింటికిని మంచి జవాబు వచ్చినపుడే బిందె వంపుడు.