నడిచెడి ఇసుకదిబ్బలు

అమెరికాలోని మిషిగన్ సరస్సు పేరునకు సరస్సే కాని, చూపునకు సముద్రము. ఒడ్డున నిలిచినవానికి ఆవలి గట్టు కానరాదు. దాని దక్షిణతీరమున, ఇండియానా రాష్ట్రములో, ఇసుకదిబ్బలును, వానిపై పెరిగిన అడవులును కలవు. 1966లో ఈ తీరమున చాల భాగము రక్షితప్రదేశమైనది. 2019లో దానికి జాతీయోద్యానమను పేరు వచ్చినది.

ఇసుకకు స్థిరత్వము లేదు. గాలి ఎటు వీచిన అటు పోవును. అట్టిదానిపై అడవి ఎట్లు నిలిచినది? మారమ్ అను ఒక గడ్డి వలన. ఇసుక మీద పడి కప్పివేసినపుడు పెక్కు మొక్కలు చచ్చును. ఈ గడ్డి మాత్రము కప్పినకొలది పైకి లేచుచు, ఇసుకలోపల కాండములను నలుదిక్కులకు పంపును. ఎగిరివచ్చిన ఇసుక దాని మొదళ్ళలో చిక్కి దిబ్బగా పెరుగును. దాని నీడన పొదలు, పిదప పైన్ చెట్లు, చాల కాలమునకు ఓక్ చెట్లు వచ్చును. నీటి యొడ్డున ఉన్నది క్రొత్త దిబ్బ. లోపలికి పోయినకొలది ప్రాతవి. కావున అచ్చట కొలది దూరము నడచినవాడు వేల యేండ్ల చరిత్రను దాటినట్లే. చికాగో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రీ కోల్స్ ఈ క్రమమును పరిశీలించి 1899లో ప్రకటించెను.

గాలికి లొంగని ఈ గడ్డి మనుష్యుని కాలికి లొంగును. పదుగురు త్రొక్కిన చోట లోపలి కాండములు తెగును. గడ్డి చచ్చును. ఆ సందున గాలి దూరి గుంట తీయును. గుంట యేటేట పెద్దదగును. అందుచేతనే సందర్శకులను కొయ్యమెట్లమీదను, గుర్తించిన బాటలమీదను మాత్రమే నడువుమందురు. పిల్లలకు ఈ కట్టుబాటు కష్టముగా తోచుట సహజమే; ఇసుకకొండను చూచి ఎక్కి జారవలెనని ఎవరికి ఉండదు?

మౌంట్ బాల్డీ అను దిబ్బ నూరడుగులకు మించిన ఎత్తుగలది. త్రొక్కుడువలన దాని గడ్డి నశించినది. అదిగాక, సమీపమున కట్టిన రేవుగోడలు దానికి రావలసిన క్రొత్త ఇసుకను అడ్డగించినవి. అది లోపలికి కదలుచు నిలువుననే ఓక్ చెట్లను పూడ్చివేసినది. పూడిన మ్రాను కుళ్ళగా దాని స్థానమున గొట్టమువంటి బిలము మిగులును. పైన చూచినచో ఏమియు తెలియదు. 2013 జూలైలో ఆరేండ్ల బాలుడొకడు అట్టి బిలములో పడి మూడు గంటలకు పైగా ఇసుకలో ఉండి, ప్రాణములతో బయటపడెను. అధికారులు అప్పుడు ఆ దిబ్బను మూసివేసి, గడ్డిని తిరిగి నాటించిరి. దిబ్బ మాత్రము ఆగక, సందర్శకులు కార్లు నిలుపు స్థలమువైపునకు జరుగుచునే యున్నది.