తీయడం కన్నా వదలకపోవడమే ముందు

గాలిలో కలిసిపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రాలతో వెనక్కి తీయగలమా అంటే, తీయగలం. ఐస్‌లాండ్‌లో 2024లో మొదలైన ‘మామత్’ కర్మాగారం చేస్తున్నది అదే. పెద్ద ఫ్యాన్లు గాలిని లాగుతాయి, లోపలి వడపోత పదార్థం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతుంది. దాన్ని వేడిచేసి వాయువును విడదీసి, నీళ్లలో కరిగించి, భూమి లోపలి బసాల్ట్ రాతిపొరల్లోకి పంపుతారు. రాతిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి అదీ రాయైపోతుంది. అదే ప్రాంతంలో అంతకుముందు జరిగిన ప్రయోగంలో, పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వందల ఏళ్లు పడుతుందనుకున్న పని అది!

ఇక లెక్కకు వద్దాం. మామత్ పూర్తి సామర్థ్యం ఏడాదికి 36,000 టన్నులు. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు వల్ల ప్రపంచం ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అంటే ఏడాది పొడవునా ఫ్యాన్లు తిరిగినా, మనం అరనిమిషంలో వదిలేదానికే సరి. ఫ్యాన్లు పెంచితే సరిపోదా అనవచ్చు. కానీ గాలిలో పది వేల అణువులుంటే ఈ వాయువువి నాలుగే. వాటిని ఏరడానికి బోలెడంత వేడి, కరెంటు కావాలి. ఐస్‌లాండ్‌కు భూగర్భ వేడి అందుబాటులో ఉంది. బొగ్గు మీద ఆధారపడ్డ మనలాంటి దేశంలో సౌర విద్యుత్తును ఈ యంత్రాలకు పెట్టేకన్నా, దానితో ఒక బొగ్గు యూనిట్‌ను ఆపితేనే ఎక్కువ మేలు.

అలాగైతే ఈ పరిశోధన దండగా? కాదు. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసేటప్పుడు, ఏ ఇంధనం వాడినా, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. విమానాలూ అంత తేలిగ్గా మారవు. ఇలా మిగిలిపోయేదాన్ని సరిచేయడానికి వాయువును వెనక్కి తీయక తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల బృందం 2022లోనే చెప్పింది. చెట్లు చాలవా అన్నది న్యాయమైన ప్రశ్నే. నేడు మనుషుల ప్రయత్నంతో ఏటా వెనక్కి వస్తున్న 200 కోట్ల టన్నుల్లో దాదాపు అంతా అడవుల పుణ్యమే. అయితే కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గును తవ్వి కాల్చి, ఒక్క కార్చిచ్చుకు బూడిదయ్యే చెట్టులో దాచడం సమానం కాదు. అసలు భయం వేరే ఉంది: రేపు తీస్తామన్న మాట చూపించి కంపెనీలు ఇవాళ యథేచ్ఛగా వదలడం. అందుకే తగ్గింపు లక్ష్యం, తొలగింపు లక్ష్యం వేర్వేరు పద్దుల్లో ఉండాలి. ఒకదాని లోటును మరొకదానితో పూడ్చనివ్వకూడదు. రెండో పద్దు ఖర్చులో పెద్ద వాటా, శతాబ్దానికి పైగా పొగ వదిలి సంపన్నమైన దేశాలే భరించాలి.