మడవ తెగాలి, గండి పడకూడదు

మాంసం త్వరగా ఉడకాలంటే పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన ఇళ్లలో పాత పద్ధతే. బొప్పాయి పాలలో ఉండే పాపెయిన్ అనే ఎంజైము ప్రొటీన్ల గొలుసులను తెంచుతుంది. 1960ల నడుమ అమెరికాలో పాల్ గ్రాస్ బృందం ఈ పాపెయిన్‌నే ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపి చూసింది. గాలిగదుల మధ్య గోడలు పోయి, చిన్న గదులన్నీ కలిసి పెద్ద ఖాళీలయ్యాయి. అంతకుముందే, 1963లో, స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ ఇంకో సంగతి పట్టుకున్నారు. ఇలాంటి ఎంజైములకు అడ్డుకట్ట వేసే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తులు తొందరగా దెబ్బతింటున్నాయి.

ఇదంతా వింటే ప్రొటీన్లను కోసే ఎంజైములు పగవాళ్లే అనిపిస్తుంది. కానీ అవి లేకపోతే బిడ్డకు సరైన ఊపిరితిత్తులే ఏర్పడవు.

కడుపులో ఆరో నెల గడిచేసరికి శ్వాసనాళాల చివర సంచుల్లాంటివి తయారవుతాయి. అసలైన గాలిగదులు జోరుగా మొదలయ్యేది నెలలు నిండే ముందు. పుట్టేనాటికి అయిదు కోట్లకు అటూ ఇటూ ఉండే ఈ గదులు పెద్దయ్యేసరికి 30 కోట్లు దాటుతాయి. ఒక సంచి రెండు గదులు కావాలంటే గోడలోంచి సన్నటి అడ్డుగోడ లేవాలి, దాని అంచున ఎలాస్టిన్ అనే సాగే పోగు అల్లుకోవాలి, రక్తనాళం లోపలికి దూరాలి. ఇందుకు పాత అల్లికను కొంత కోయక తప్పదు. ఆ కోత పని ఎం.ఎం.పి.లు అనే ఎంజైములది. వాటిలో ఎం.ఎం.పి.-14 లేకుండా పుట్టించిన ఎలుక పిల్లల్లో గాలిగదులు సరిగా ఏర్పడలేదు. ఊపిరి వదిలినప్పుడు గదులు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌లోని ఎస్‌.పి.-బి ప్రొటీను కూడా అంతే. ముందు పొడుగ్గా తయారై, ఎంజైములు కత్తిరించాకే పనికొస్తుంది.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదని ఇంకా అంటుంటారు. శుద్ధ తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ ఊపిరితిత్తులకు లాభమే.

కొమ్మమూరు కాలువ కింద వరి వేసే రైతుకు మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. చేనుకు నీళ్లు పెట్టాలంటే గట్టుకు మడవ తెంచాలి, తడి అందగానే పారెడు మట్టి వేసి కట్టేయాలి. కట్టేవాడు లేకపోతే ఆ మడవే గండి. నెలలు నిండని బిడ్డలో ఆ కట్టేవాళ్లకే కొరత.

28 వారాలకే పుట్టిన బిడ్డ డొక్కలెగరేస్తూ ఊపిరికి పెనుగులాడుతుంది. ఊపిరి అందించే మిషను ఒత్తిడి, మోతాదు మించిన ఆక్సిజన్, ఉమ్మనీటి ఇన్‌ఫెక్షన్, వీటిలో ఏదైనా తెల్లకణాలను ఊపిరితిత్తుల్లోకి రప్పిస్తుంది. క్రిముల కోసం అవి తెచ్చిన ఎలాస్టేజ్ అనే ఎంజైము పక్కనున్న లేత గోడలనూ కోసేస్తుంది. దాన్ని పట్టి ఉంచాల్సిన యాంటీట్రిప్సిన్ అసలే తక్కువ, ఉన్నదాన్నీ ఆక్సిజన్‌తో పుట్టే రసాయనాలు చెడగొడతాయి. తెగిన ఎలాస్టిన్ ముక్క డెస్మోసిన్ ఆ పిల్లల మూత్రంలో బయటపడుతుంది. 1967లో నార్త్‌వే బృందం బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేజియా అని పేరుపెట్టిన జబ్బులో ఈ గండ్ల పాత్ర పెద్దది.

మరి ఎంజైమును ఆపే మందిస్తే సరిపోదా? 1990ల్లో పిల్లలకు యాంటీట్రిప్సిన్ ఇచ్చి చూశారు. జబ్బు కచ్చితంగా తగ్గుతుందని తేలలేదు. కోతను మొత్తంగా ఆపితే కట్టడమూ ఆగుతుంది కాబట్టి, ఒక్క మందుతో తేలే వ్యవహారమని నాకూ అనిపించదు.

అసలు మేలు గాయం మొదలవకుండా చూడటంలోనే ఉంది. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హవీ చూపించారు. 24 నుంచి 34 వారాల మధ్య డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి 4 సార్లు వేయాలని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు తొలి సూది ఏ.ఎన్‌.ఎం. కూడా వేయవచ్చు. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు పెద్దాసుపత్రి 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది, బాపట్ల నుంచి దాదాపు 50. నిజాంపట్నం వైపు నుంచో లంక గ్రామం నుంచో వచ్చే తల్లికి రేపల్లె చేరడమే ఒక ప్రయాణం. 108 అంబులెన్సు కదిలే ముందు ఆ సూది పడిందా అన్నది గుంటూరులో ఏ మిషను ఉందన్న దానికి ఏమాత్రం తీసిపోని విషయం. మంచిదే కదా అని అదే పనిగా వేయించుకునేది మాత్రం కాదు, ఎక్కువైతే కొత్త గోడలు లేవడమే మందగిస్తుంది.

పుట్టాక గొట్టం వేయకుండా ముక్కు ద్వారా మెత్తటి ఒత్తిడితో గాలి అందించే సీపాప్, రక్తంలో ఆక్సిజన్‌ను 90 నుంచి 95 శాతం మధ్య నిలపడం, తల్లిపాలు, ఇవన్నీ తెల్లకణాలకు పని తగ్గించేవే. ఇంటికొచ్చాక పొయ్యి పొగ, బీడీ పొగ బిడ్డ దరికి రానీయవద్దనేదీ ఇందుకే. కొత్త గదులు కట్టుకోవడం మొదటి రెండు మూడేళ్లూ సాగుతుంది, పొగ అదే తెల్లకణాలను మళ్లీ లోపలికి పిలుస్తుంది.